ఒక ప్లస్ గుర్తు మాయమైన రాత్రి: స్క్రిప్ట్ నుంచి ఫామ్ డేటా సరిగ్గా పంపడం ఎలా?

కాజీపేట నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ చూడలేనివాళ్ల కోసం, చదివి దాచుకుందాం అనుకునేవాళ్ల కోసం మాటలన్నీ ఇక్కడ రాతలో పెడుతున్నాం. స్క్రీన్ మీద చూపించిన కోడ్‌ని కూడా మాటల్లోనే చెప్తాను. ఫోన్‌లో చదువుకోవడానికి అదే తేలిక.

ఈరోజు టాపిక్ పేరు వింటే నిద్రొస్తుంది: ఫామ్ డేటా ఎన్‌కోడింగ్. కానీ దీనివల్ల నాకు ఒకసారి నిద్ర లేకుండా పోయింది. ముందు అది చెప్తాను.

ఆ రాత్రి ఏమైందంటే

మా ఫ్రెండ్స్ కొందరం కలిసి రక్తదాతల లిస్ట్ ఒకటి నడిపేవాళ్లం. మొదట అంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఉండేది. పేరు, ఊరు, ఫోన్ నంబర్, బ్లడ్ గ్రూప్. ఎవరికైనా అవసరమొస్తే నోట్‌బుక్ తిరగేసి ఫోన్లు చేసేవాళ్లం. తర్వాత నేను ఒక చిన్న వెబ్ పేజీ తయారుచేశాను. ఫామ్ నింపి బటన్ నొక్కితే లిస్ట్‌లో చేరిపోతుంది. గ్రూప్ ఎంచుకుంటే నంబర్లు వస్తాయి.

కానీ నోట్‌బుక్‌లో ఉన్న రెండొందల పైచిలుకు పేర్లు ఫామ్‌లో ఒక్కొక్కటిగా ఎవరు కొడతారు? అందుకే ముందు ఎక్సెల్ షీట్‌లో కొట్టించి, పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ రాశాను. అది షీట్‌లో ఒక్కో వరుస చదివి, మనిషి ఫామ్ నింపినట్టే సర్వర్‌కి పంపుతుంది. మొదట నా పేరుతోనే టెస్ట్ చేశాను. పేరు తెలుగులో చక్కగా వచ్చింది. నాది ఓ నెగెటివ్, అది కూడా సరిగ్గానే వచ్చింది. సరే అని మిగతావన్నీ ఒకేసారి పంపేశాను. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. భలే గర్వంగా అనిపించింది.

కొన్ని వారాల తర్వాత రాత్రి పదకొండు దాటాక ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా అక్కకి పొద్దున ఆపరేషన్. బి పాజిటివ్ రెండు యూనిట్లు కావాలె. మీ పేజీల చూస్తే ముగ్గురే ఉన్నరు, ముగ్గురూ ఫోన్ ఎత్తుతలేరు."

ముగ్గురే ఎలా ఉంటారు? బి పాజిటివ్ మన దగ్గర చాలామందికి ఉండే గ్రూపే. నోట్‌బుక్‌లో పేజీకి నలుగురైదుగురు కనిపించేవాళ్లు. నేను ఫోన్‌లో పేజీ తెరిచి చూశాను. నిజంగానే ముగ్గురు. ఓ పాజిటివ్ చూస్తే ఇద్దరు. ఓ నెగెటివ్ చూస్తే మాత్రం నోట్‌బుక్‌లో ఎందరున్నారో అందరూ ఉన్నారు.

ఆ క్షణంలో కారణం వెతుక్కునే టైమ్ లేదు. నోట్‌బుక్ ఎవరింట్లో ఉందో కనుక్కుని, బైక్ మీద వెళ్లి తెచ్చుకుని, వరుసగా ఫోన్లు చేశాం. అర్ధరాత్రి దాటాక ఇద్దరు దొరికారు. పొద్దున ఆరింటికల్లా వచ్చి ఇచ్చి వెళ్లారు. అంతా బాగానే అయింది. కానీ ఆ రెండు గంటలు పోయింది ఆసుపత్రి వల్ల కాదు, దాతల వల్ల కాదు. నేను రాసిన ఒక్క లైను వల్ల.

ఫామ్ నింపాక లోపల ఏం జరుగుతుంది?

మనం ఫామ్‌లో నాలుగు గడులు నింపి బటన్ నొక్కితే, బ్రౌజర్ ఆ నాలుగింటినీ ఒకే పొడవాటి వరుసగా కట్టి పంపుతుంది. ఇలా:

పేరు=రవి&ఊరు=కాజీపేట&గ్రూప్=ఓ-

దీన్ని గూడ్స్ బండి అనుకోండి. ఒక్కో బోగీ మీద ఒక లేబుల్, లోపల సరుకు. లేబుల్‌కీ సరుకుకీ మధ్య = గుర్తు. బోగీకీ బోగీకీ మధ్య కప్లింగ్ & గుర్తు. సర్వర్ చేసేదేంటంటే, & ఉన్న చోటల్లా బోగీలు విడదీస్తుంది, = ఉన్న చోట లేబుల్‌ని సరుకు నుంచి వేరుచేస్తుంది.

(ఒక్క నిమిషం, రైలు కూత. జంక్షన్ పక్కన కూర్చుని రికార్డ్ చేస్తే ఇది తప్పదు.)

మన కాజీపేట ఉదాహరణే తీసుకుందాం. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి బల్లార్షా వైపు, ఇంకోటి వరంగల్ మీదుగా విజయవాడ వైపు. వ్యాగన్ మీద రాత తప్పైతే సరుకు ఎటో పోతుంది. సరుకు మంచిదే, బండి మంచిదే, రాత ఒక్కటే తప్పు. ఫామ్ డేటాలో కూడా అంతే.

మరి సరుకులోనే & ఉంటే? ఒక షాపు పేరు "లక్ష్మీ & సన్స్" అనుకోండి. దాన్ని అలాగే పంపితే సర్వర్ ఆ & ని కప్లింగ్ అనుకుంటుంది. పేరు "లక్ష్మీ" దగ్గరే తెగిపోతుంది. "సన్స్" అనేది విలువ లేని కొత్త గడి అవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. అంతా సక్సెస్ అనే చూపిస్తుంది. ఇక్కడే ప్రమాదం ఉంది.

అందుకే ప్రత్యేకమైన పని ఉన్న గుర్తుల్ని మారువేషంలో పంపాలి. % గుర్తు పెట్టి, ఆ అక్షరం బైట్ విలువని రెండు అంకెల హెక్సాడెసిమల్‌లో రాయాలి. దీన్నే పర్సెంట్ ఎన్‌కోడింగ్ అంటారు. & అయితే %26. % అయితే %25. @ అయితే %40. స్పేస్ అయితే %20. ప్లస్ అయితే %2 పక్కన ఇంగ్లిష్ బి అక్షరం. అటువైపు సర్వర్ వాటిని మళ్లీ మామూలు రూపంలోకి తెచ్చుకుంటుంది.

మరి ప్లస్ ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అసలు విషయం. ఫామ్ డేటాకి మామూలు పర్సెంట్ ఎన్‌కోడింగ్‌తో పాటు ఒక పాత అలవాటు ఉంది. ఇందులో స్పేస్‌ని + గా రాస్తారు. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలోనే ఈ రూల్ ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. అంటే సర్వర్‌కి ఫామ్ డేటాలో + కనిపిస్తే అది ప్లస్ కాదు, స్పేస్. నిజంగా ప్లస్ పంపాలంటే దాన్ని ఎన్‌కోడ్ చేసే పంపాలి.

నా స్క్రిప్ట్ ఏం చేసింది? గడుల్ని నేనే చేత్తో అతికించాను. "పేరు=" కి పేరు కలిపి, "&గ్రూప్=" కి గ్రూప్ కలిపి, ఒక స్ట్రింగ్ చేసి పంపేశాను. గ్రూప్=బి+ అని వెళ్లింది. సర్వర్ దాన్ని "బి, తర్వాత ఒక స్పేస్" అని చదివింది. చివర్లో ఉన్న స్పేస్‌ని నా సర్వర్ కోడే శుభ్రంగా కత్తిరించేసింది. మిగిలింది ఒట్టి "బి".

బ్రౌజర్ నుంచి ఫామ్ నింపినవాళ్లకి ఈ సమస్య రాలేదు. బ్రౌజర్ తనంతట తానే ఎన్‌కోడ్ చేస్తుంది. ఆ రాత్రి కనిపించిన ముగ్గురూ వాళ్లే.

మరి నా టెస్ట్‌లో ఎందుకు దొరకలేదు? నాది ఓ నెగెటివ్ కాబట్టి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, వాటితో పాటు హైఫన్, చుక్క, అండర్‌స్కోర్ లాంటి కొన్ని గుర్తులకి ఎన్‌కోడింగ్ అవసరమే లేదు. మైనస్ గుర్తు హైఫనే, అది ఎలా వెళ్లిందో అలాగే చేరింది. నెగెటివ్‌లన్నీ క్షేమం, పాజిటివ్‌లన్నీ గల్లంతు. మన డేటాతో మనం టెస్ట్ చేసుకుంటే మన తప్పు మనకి కనిపించదు అని నాకు అప్పుడు అర్థమైంది.

సరిచేసే పద్ధతి: అతికించకండి, అప్పగించండి

పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడితే పరిష్కారం చాలా తేలిక. స్ట్రింగ్ కట్టకుండా, గడుల పేర్లూ విలువలూ ఒక డిక్షనరీలో పెట్టి, ఆ డిక్షనరీని "డేటా" అనే ఆర్గ్యుమెంట్‌కి ఇచ్చేయండి. ఎన్‌కోడింగ్ లైబ్రరీయే చేస్తుంది, హెడర్ కూడా అదే పెడుతుంది. మీరు స్ట్రింగ్ ఇచ్చారో, "వీళ్లే అన్నీ చూసుకున్నారు" అనుకుని అలాగే పంపేస్తుంది. అప్పుడు హెడర్ కూడా పెట్టదు.

దీంట్లో రెండు చిన్న గుంతలు ఉన్నాయి. ఒక గడికి చాలా విలువలుంటే, అంటే చెక్‌బాక్స్‌ల లాగా, లిస్ట్ ఇవ్వండి. అదే గడి పేరు మళ్లీ మళ్లీ వచ్చేలా లైబ్రరీ పంపుతుంది. కానీ డిక్షనరీ లోపల ఇంకో డిక్షనరీ పెట్టకండి. ఫామ్ డేటాకి పొరలు తెలియవు. లోపలి డిక్షనరీలో పేర్లు మాత్రమే వెళ్తాయి, విలువలు పోతాయి.

బయటి లైబ్రరీ వద్దనుకుంటే పైథాన్‌తోనే వచ్చే యూఆర్ఎల్‌లిబ్‌లో "యూఆర్ఎల్ఎన్‌కోడ్" అనే ఫంక్షన్ ఉంది. డిక్షనరీ ఇస్తే ఎన్‌కోడ్ చేసిన స్ట్రింగ్ వస్తుంది. దాన్ని బైట్స్‌గా మార్చి పంపాలి.

జావాస్క్రిప్ట్ రాసేవాళ్లు "యూఆర్ఎల్ సెర్చ్ పారమ్స్" వాడండి. ఒక్క విలువనే ఎన్‌కోడ్ చేయాలంటే "ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్". దీని పేరుకి దగ్గరగా "ఎన్‌కోడ్ యూఆర్ఐ" అని ఇంకోటి ఉంది. అది మొత్తం అడ్రస్ కోసం చేసింది కాబట్టి &, =, + లాంటివి ముట్టుకోదు. విలువల కోసం దాన్ని వాడితే మళ్లీ నా కథే.

కర్ల్ వాడేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. చిన్న డి ఆప్షన్ ఎన్‌కోడ్ చేయదు, ఇచ్చింది ఇచ్చినట్టు పంపుతుంది. "డేటా యూఆర్ఎల్ఎన్‌కోడ్" అనే ఆప్షన్ ఎన్‌కోడ్ చేసి పంపుతుంది.

తెలుగు పేరు ఎలా ప్రయాణం చేస్తుంది?

"కాజీపేట" అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కి ఏడు. క, దీర్ఘం, జ, గుడి దీర్ఘం, ప, ఏత్వం, ట. యూనికోడ్‌లో అచ్చులకీ హల్లులకీ గుణింతపు గుర్తులకీ విడివిడిగా నంబర్లు ఉంటాయి. తెలుగు లిపి 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే ఉంది.

యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. పర్సెంట్ ఎన్‌కోడ్ చేస్తే ఒక్కో బైట్‌కి మూడు క్యారెక్టర్లు. అంటే నాలుగక్షరాల కాజీపేట లైన్ మీద 63 క్యారెక్టర్లు అవుతుంది! తెలుగు పేరున్న లింక్ కాపీ చేసి పేస్ట్ చేస్తే % గుర్తుల వరద కనిపిస్తుంది చూడండి, కారణం ఇదే. అది పాడైన లింక్ కాదు, సరైన లింకే.

పంపేవాడు యూటీఎఫ్-8లో పంపి, చదివేవాడు లాటిన్-1 అనుకుని చదివితే ఏమవుతుంది? తెలుగు గుర్తులన్నీ ఒకే బైట్‌తో మొదలవుతాయి. ఆ బైట్ లాటిన్-1లో తల మీద చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ 'ఏ'. రెండో బైట్ చాలాసార్లు డిగ్రీ గుర్తు. అందుకే చెడిపోయిన తెలుగులో గీత ఉన్న 'ఏ', డిగ్రీ గుర్తు జంటగా మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ జంట కనిపిస్తే వెంటనే అనుకోవచ్చు: డేటా పోలేదు, తప్పు కళ్లద్దాలతో చదువుతున్నాం. కానీ అన్నీ ప్రశ్న గుర్తులే కనిపిస్తే మాత్రం చాలాసార్లు అసలు అక్షరాలు ఇక లేనట్టే.

కవరు మీద ఏం రాయాలి?

సర్వర్‌కి పంపే డేటాకి పైన మామూలుగా ఒక హెడర్ ఉంటుంది. కంటెంట్ టైప్ అంటారు. లోపల ఏ భాషలో ఉత్తరం ఉందో కవరు మీద రాసినట్టు. మనకి ముఖ్యమైనవి మూడు.

మొదటిది మనం మాట్లాడుకున్న మామూలు ఫామ్, యూఆర్ఎల్ ఎన్‌కోడెడ్. గడులు, విలువలు ఉన్నప్పుడు ఇది చాలు.

రెండోది మల్టీపార్ట్. ఫోటో, పీడీఎఫ్ లాంటి ఫైళ్లు పంపాలంటే ఇదే. ఫోటో బైట్లన్నిటినీ % గుర్తులతో పంపితే సైజు రెండు మూడింతలు అవుతుంది. అందుకే ఇందులో ఎన్‌కోడ్ చేయకుండా, ఒక్కో భాగం మధ్య ఒక సరిహద్దు గీత పెడతారు. ఆ గీత ఏంటో హెడర్‌లోనే రాసి ఉంటుంది. కాబట్టి ఈ హెడర్‌ని మీ చేత్తో పెట్టకండి. మీరు పెడితే సరిహద్దు రాయడం మిస్ అవుతుంది, సర్వర్‌కి భాగాలు విడదీయడం రాదు. రిక్వెస్ట్స్‌లో "ఫైల్స్" ఆర్గ్యుమెంట్ వాడండి, జావాస్క్రిప్ట్‌లో "ఫామ్‌డేటా" వాడండి, హెడర్ సంగతి వాటికే వదిలేయండి.

మూడోది జేసన్. ఇందులో పొరలు పొరలుగా డేటా పెట్టుకోవచ్చు, ప్లస్ గొడవ లేదు. కానీ సర్వర్ ఫామ్ కోసం ఎదురుచూస్తుంటే మీరు జేసన్ పంపితే దానికి గడులన్నీ ఖాళీగా కనిపిస్తాయి. రిక్వెస్ట్స్‌లో "డేటా" అంటే ఫామ్, "జేసన్" అంటే జేసన్. సర్వర్ ఏది అడుగుతుందో అదే ఇవ్వాలి.

ఇంకో మాట. ఎన్‌కోడింగ్ అంటే రహస్యం కాదు. % గుర్తులు చూసి "నంబర్ దాచిపెట్టాం" అనుకోకండి, ఎవరైనా క్షణంలో విప్పగలరు. ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు హెచ్‌టీటీపీఎస్ మీదే పంపాలి. అది కూడా గెట్ పద్ధతిలో అడ్రస్ చివర తగిలించకుండా పోస్ట్‌లో పంపాలి. అడ్రస్‌లో పెట్టినవి బ్రౌజర్ హిస్టరీలో, సర్వర్ లాగ్‌లో మిగిలిపోతాయి.

రెండుసార్లు ఎన్‌కోడ్ చేస్తే?

నా కథ విని భయపడి కొందరు అతిజాగ్రత్తకి పోతారు. ముందు చేత్తో ఎన్‌కోడ్ చేసి, ఆ తర్వాత డిక్షనరీలో పెట్టి పంపుతారు. అప్పుడు లైబ్రరీ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. స్పేస్ ముందు %20 అయింది కదా, ఇప్పుడు అందులోని % గుర్తు %25 అవుతుంది. మొత్తం %2520. సర్వర్ ఒక్కసారే విప్పుతుంది కాబట్టి డేటాబేస్‌లో పేరు మధ్యలో %20 కూర్చుంటుంది. ఎక్కడైనా %25 పక్కన అంకెలు కనిపిస్తే ఇదే అనుమానించండి. రూల్ ఒక్కటే: పంపే చోట ఒక్కసారి ఎన్‌కోడ్, అందుకునే చోట ఒక్కసారి డీకోడ్.

కోడ్ రాయనివాళ్లకి కూడా

"నేను స్క్రిప్ట్‌లు రాయను" అంటారా? వాట్సాప్ లింక్ చేసి ఉంటారు కదా. నొక్కగానే చాట్ తెరుచుకుని మెసేజ్ రెడీగా ఉండే లింక్. అందులో "టెక్స్ట్=" తర్వాత వచ్చే మెసేజ్ ఎన్‌కోడ్ అయి ఉండాలి. "ఇడ్లీ & వడ" అని అలాగే పెడితే మెసేజ్ ఇడ్లీ దగ్గరే ఆగుతుంది. యూపీఐ పేమెంట్ లింక్, దానితో చేసే క్యూఆర్ కూడా అంతే. ఐడీ, పేరు, మొత్తం, నోట్ అన్నీ & తోనే విడిపోతాయి. షాపు పేరులో & ఉంటే దాన్ని %26 గా రాయాలి. లింక్‌లో # గుర్తు ఉంటే ఇంకా తమాషా, బ్రౌజర్ దాని తర్వాతి భాగాన్ని సర్వర్‌కి పంపనే పంపదు.

టెస్ట్ ఎలా చేయాలి?

లాప్‌టాప్ లేకపోయినా పర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుంటే పైథాన్ నడుస్తుంది. హెచ్‌టీటీపీబిన్ అని ఒక సైట్ ఉంది. మీరు పంపింది తనకి ఎలా అందిందో అలాగే తిరిగి చూపిస్తుంది. అసలు సర్వర్‌కి పంపే ముందు అక్కడికి పంపి చూసుకోండి. కానీ అక్కడికి నిజమైన మనుషుల పేర్లు, నంబర్లు పంపొద్దు.

టెస్ట్ కోసం కావాలనే చెడ్డ పేరు ఒకటి తయారుచేసుకోండి. నేను ఇది వాడతాను: "కాజీపేట + వరంగల్ & 50% = ?#". తెలుగు, స్పేస్, ప్లస్, &, %, = అన్నీ ఉన్నాయి. ఇది పంపినది పంపినట్టు తిరిగొస్తే మీ స్క్రిప్ట్ చాలావరకు క్షేమం. సక్సెస్ కోడ్ 200 వచ్చిందని సంబరపడకండి. ఉత్తరం అందిందని దాని అర్థం, సరిగ్గా చదివారని కాదు. పంపాక డేటాబేస్ తెరిచి కళ్లతో చూసుకోండి.

చివరికి మా లిస్ట్ ఏమైంది?

స్క్రిప్ట్ సరిచేయడం ఐదు నిమిషాల పని. డేటా సరిచేయడానికే టైమ్ పట్టింది. ఒక ఫ్రెండ్ అన్నాడు, "ఒట్టి బి ఉన్న చోటల్లా ప్లస్ పెట్టెయ్‌రా, అయిపోతది." నేను కూడా సరేనని కోడ్ రాయబోయాను. అప్పుడు నోట్‌బుక్ తెరిచి చూస్తే, కొందరి పేరు పక్కన నిజంగానే ఒట్టి "బి" అని ఉంది. పాజిటివో నెగెటివో తెలియక వాళ్లు అంతే రాయించారు. డేటాబేస్‌లో ఆ "బి"కీ, నేను చెడగొట్టిన "బి"కీ తేడా లేదు.

ఆసుపత్రిలో ఎలాగూ మళ్లీ పరీక్ష చేస్తారు, మామూలుగా క్రాస్ మ్యాచ్ చేయకుండా రక్తం ఎక్కించరు. కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం తప్పు కదా. అందుకే ముగ్గురం ఒక ఆదివారం కూర్చుని, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని, ఒక్కో పేరూ చూసి మార్చాం. ఒట్టి "బి" ఉన్నవాళ్లకి ఫోన్ చేసి అడిగాం. తెలియదన్నవాళ్లకి తెలియదు అనే రాశాం.

ఆ నోట్‌బుక్ పారేసి ఉంటే ఈ అవకాశం కూడా ఉండేది కాదు. కాబట్టి అసలు కాపీ ఎప్పుడూ దాచండి. గడుల్ని చేత్తో అతికించకండి, లైబ్రరీకి అప్పగించండి. ఇంకోటి, మీ పేరుతో మాత్రమే టెస్ట్ చేయకండి. మీది ఓ నెగెటివ్ అయితే మరీను.

వచ్చే ఎపిసోడ్‌లో కుకీలు, లాగిన్ సెషన్ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను మరి, నమస్తే.